మొలిచిన జాగ చూడకుండా

రాజనర్సుకు చెట్టు కనబడితే చాలు, ముందు దాని మొదలు చూస్తాడు. నీడ ఉందా, కాయ ఉందా అన్నది తరవాత సంగతి. మాను చుట్టూ ఒకసారి తిరిగి, బెరడు పగిలిన చోట వేలు పెట్టి, కింద పడిన కొమ్మను తిరగేసి చూసి గానీ అక్కడ కూర్చోడు. ఖతర్ వచ్చిన కొత్తలో తోట యజమాని అహ్మద్ అలీ ఇది గమనించి, ఈ మనిషి ఏదో పారేసుకున్నాడనుకుని తనూ వంగి వెతికాడు. తను చూసేది పుట్టగొడుగుల కోసమని అరబ్బీలో ఎలా చెప్పాలో రాజనర్సుకు తెలియదు. ఏమీ లేదనడానికి తనకు వచ్చిన ఒక్క ముక్క, "మాఫీ, మాఫీ" అని చేతులు ఊపి ఊరుకున్నాడు.

ఆ చూపు అతనికి తల్లి భూమవ్వ ఇచ్చింది. ఖానాపూర్ అడవి అంచున వాళ్ళ ఊరు. తొలకరి పడి నాలుగు ఉరుములు ఉరిమాయంటే అడవికి పోయినవాళ్ళందరూ గంపలు తెచ్చి భూమవ్వ వాకిట్లో దించేవాళ్ళు. ఏది వండుకోవాలో, ఏది పెంటమీద పారెయ్యాలో ఆమె చెప్పాలి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, నెత్తిన మొన ఉందా, కాడకు కడియం ఉందా, అడుగున గుడ్డుపెంకులాంటి తిత్తి ఉందా అని చూసేది. తలను కోసి ఒక పళ్ళెంలో బోర్లించి, దానినుంచి రాలే పొడి ఏ రంగుదో చూసేది. ఇన్ని చూసి కూడా సరే అనేది కాదు. "ఏడ మొలిచిందో సూపియ్యిండ్రి" అని లేచి, తెచ్చినవాళ్ళ వెంట మళ్ళీ అడవిలోకి నడిచేది. మొలిచిన చోట వేలితో తవ్వి, కాడ వేరులాగా సాగి లోపలి చెదలగూటిదాకా దిగిందని కళ్ళతో చూస్తేనే ఆమె నోటినుంచి తినండన్న మాట వచ్చేది.

అంతటితోనూ అయిపోదు. కూర ఎవరింట్లో ఉడికినా మొదటి ముద్ద భూమవ్వదే. ఆమె తిని, గోడకు ఆనుకుని కూర్చునేది. గోడ నీడ రెండు మూరలు జరిగేదాకా మిగిలినవాళ్ళు కంచాల ముందు కాచుకోవాలి. పిల్లలు ఆకలని ఏడ్చినా, మగవాళ్ళు గొణిగినా ఆమె చలించేది కాదు. మంచివని ఏరి చెప్పినవాళ్ళే ముందు తినాలనేది ఆమె పట్టు. రాజనర్సూ అతని చెల్లెలు ఎల్లవ్వా ఆ నీడ జరగడాన్ని చూస్తూ పెరిగారు.

ఈ పట్టింపు ఊరికే రాలేదు. రాజనర్సుకు పదేళ్ళప్పుడు, కట్టెలు కొట్టడానికి వచ్చిన ఒక కుటుంబం ఎవరికీ చూపించకుండా తెల్లటి పుట్టగొడుగులు వండుకు తిన్నది. ఆ సాయంత్రం నవ్వుతూ తిరిగారు. రాత్రి హాయిగా పడుకున్నారు. మర్నాడు తెల్లవారాక వాంతులు మొదలయ్యాయి. నాలుగో రోజుకు ఆ పాకలో దీపం పెట్టడానికి మనిషి లేడు. ఆ రోజు భూమవ్వ కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పింది. "తొందరగ కక్కినోడు చానమట్టుకు బతుకుతడు బిడ్డా. తిన్నంక నిమ్మళంగ ఉన్నోన్ని జూసి భయపడాలె." అప్పుడు అతనికి అది సరిగా అర్థం కాలేదు. పదేళ్ళ పిల్లవాడికి అర్థం కావలసిన మాటా కాదు.

బొంబాయి మీదుగా ఖతర్ వచ్చింది డెబ్బై ఆరులో. చమురు పుణ్యమా అని దోహాలో పునాదులు తవ్వని వీధి లేదప్పుడు. తాపీపని దొరుకుతుందని వచ్చినవాడు, విమానం దిగిన మర్నాడే పికప్ వెనక కూర్చుని ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దాటి అహ్మద్ అలీ మజ్రాలో తేలాడు. మజ్రా అంటే తోట. తండ్రి కాలంలో చేపల పడవలు నడిపిన ఇంటివాడు అహ్మద్ అలీ; చేతిలో ఫులూస్, అంటే డబ్బు, ఆడేసరికి అతనికి చెట్ల పిచ్చి పట్టింది. గాలికి అడ్డంగా సరుగుడు, దాని వెనక వేప, వేప వెనక రేగు, ఇలా మూడు వరసల్లో పెంచిన తోపు అరమైలు పొడుగున్నది. నీళ్ళు పారించేది రాజనర్సు. దోహాలో ఎండన పడి సిమెంటు మోసే ఊరివాళ్ళు, నీడపట్టున బతుకుతున్నావని అతన్ని దెప్పేవాళ్ళు. దెప్పితే దెప్పారు గానీ అది నిజమే. భూమవ్వ మాత్రం ఉత్తరానికి బదులు క్యాసెట్ టేపులో మాట నింపి పంపినప్పుడల్లా, ఆ దుబాయ్‌లో చెట్లుంటాయా కొడుకా అని అడిగేది. కొడుకు ఉన్నది దుబాయ్ కాదని ఆమెకు చెప్పీ చెప్పీ అందరూ విసిగిపోయారు.

రెండేళ్ళ తరవాత ఎల్లవ్వ మొగుడు బుచ్చన్నను కూడా పిలిపించుకున్నాడు. వీసా కోసం అహ్మద్ అలీ వెంట పడి తిరిగింది రాజనర్సే. బావకు నేనున్నాననీ, నీకెందుకు భయమనీ చెల్లెలికి టేపులో చెప్పింది కూడా అతనే. బుచ్చన్న మెతక మనిషి. ఒక మాట ఒకసారి అంటాడు; ఎదుటివాడు వినకపోతే ఇక అనడు. తోటలో కూలీలుండే క్యాంపులో వీళ్ళిద్దరు కాక ఇంకో ఇద్దరున్నారు. ఒకడు లింబాద్రి, ఆర్మూరువాడు, నోటి దురుసు, తిండిమీద ప్రేమ. రెండోవాడు గంగన్న, లింబాద్రి ఏమంటే అది. పికప్ నడిపే ఇక్రాముద్దీన్ హైదరాబాదువాడు, పక్క గదిలో ఉండేవాడు.

డెబ్బై తొమ్మిది డిసెంబరులో వాన పడింది. ఆ దేశంలో వాన పడితే పండగే. మూడు రోజులు విడవకుండా జల్లు పడి, పైన మబ్బు పట్టి, తోపులో నేల మెత్తబడింది. ఆ తరవాతి వారం శుక్రవారం పొద్దున లింబాద్రి తోపులోంచి ఒక బకెట్ నిండా పుట్టగొడుగులు తెచ్చి రాజనర్సు మంచం ముందు దించాడు.

తెల్లగా, అరచేతి కంటే పెద్దగా, నెత్తిన గోధుమరంగు పొలుసులతో చూడముచ్చటగా ఉన్నాయి. మూడేళ్ళుగా పప్పూ కోడీ తిని నాలుక మొద్దుబారిన మనుషులు వాటి చుట్టూ మూగారు. గంగన్న వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. లింబాద్రి ఎక్కడివో చెప్పాడు. తోపు నడుమ, కొట్టేసిన వేప మోడు పక్కన మొలిచాయి. మోడు నిండా చెదలున్నాయి. ఆ చెదలన్న మాట వినగానే రాజనర్సు గుండె ఊరికి పోయింది. చెదలున్నచోట మొలిచిందంటే మనదే అన్నమాట.

కానీ కాడలన్నీ మెడదాకా తెంపి ఉన్నాయి. కిందిభాగం లేదు. కొన్నింటికి కడియం కూడా ఉంది. అది చూసి రాజనర్సు కొంచెం తటపటాయించాడు. బయట ఇక్రాముద్దీన్ హారన్ కొడుతున్నాడు. తోట చివర బోరు దగ్గర ఇంజను డ్యూటీ ఆ రోజు రాజనర్సుది. జొన్నకూ గడ్డికీ నీళ్ళు వదిలి పన్నెండింటికి గానీ రాలేడు. తోపు దారి వేరు, బోరు దారి వేరు.

"భూమవ్వ కొడుకువు నువ్వు. నీకు గిదో లెక్కనా?" అన్నాడు లింబాద్రి.

ఆ ఒక్క మాటే అతన్ని పడగొట్టింది. మూడేళ్ళలో తనను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఇక్కడ అతను పంపు రాజు, నెంబరు రాజు, ఏయ్ రాజు. ఒక తలను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అడుగున మడతలు పాలలా తెల్లగా ఉన్నాయి. "తినుండ్రి" అన్నాడు. అంటూనే, చేతులు వాటంతటవే పాత అలవాటు ప్రకారం ఒక పెద్ద తలను తుంచి, కిటికీలో ఉన్న తెల్ల పింగాణీ పళ్ళెంలో బోర్లించాయి. ఆ పొడి రాలేదాకా ఆగాలన్న సంగతి మాత్రం చేతులకు గుర్తున్నంతగా నోటికి గుర్తు రాలేదు. పోయి బండెక్కాడు.

బోరు దగ్గర ఇంజను మోత కింద కూర్చున్నంతసేపూ అతనికి మనసు కుదురుగా లేదు. కడియం గుర్తుకొచ్చింది. ఊళ్ళో చెదలపుట్టలమీద మొలిచేవాటికి కడియం ఉండగా తను చూశాడా? గుర్తు చేసుకున్నకొద్దీ లేదనే తోచింది. ఇంజను వదిలి పోవడానికి లేదు. ఆపితే అహ్మద్ అలీ ఊరుకోడు. అయినా పదకొండున్నరకే ఆపేశాడు. ఇక్రాముద్దీన్ జుమ్మా నమాజుకని బండి తీసుకుని అల్ రువైస్ పోయాడు, తిరిగొచ్చేది నమాజు అయ్యాక. రాజనర్సు రెండు మైళ్ళూ దాదాపు పరుగున వచ్చాడు.

వచ్చేసరికి ముగ్గురూ చేతులు కడుక్కుని గది ముందు నీడలో కూర్చున్నారు. లింబాద్రి పొట్ట నిమురుకుంటున్నాడు. ఉడికే కూరలో వెండి ఉంగరం వేసి చూశాననీ, నల్లబడలేదనీ, ఇక అనుమానమే లేదనీ గొప్పగా చెప్పాడు. పదకొండింటికే తిన్నారట, ఆకలికి ఆగలేకపోయారట. బుచ్చన్న లేచి నిలబడ్డాడు. "నీకు గిన్నెల తీసి పెట్టిన బావా" అన్నాడు నెమ్మదిగా. పొయ్యి పక్కన స్టీలు గిన్నె, దానిమీద మూత, పిల్లి తియ్యకుండా మూతమీద ఒక ఇటుక ఉన్నాయి.

రాజనర్సు గిన్నె వైపు పోలేదు. కిటికీ దగ్గరికి పోయి పళ్ళెంలోని తలను ఎత్తాడు.

పళ్ళెం మీద ఆకుపచ్చ రంగు. ఎవరో కూర్చుని గీసినట్టు గీతలు గీతలుగా, నాచులాంటి పచ్చటి పొడి. తెలుపు చూశాడు, గులాబీ చూశాడు, మట్టిరంగు చూశాడు. తల్లి చేతికింద ఇరవై ఏళ్ళు చూసినా పచ్చ పొడి రాలిన పుట్టగొడుగును అతను ఎరగడు. పళ్ళేన్ని కిటికీ వెలుగుకు తిప్పి మళ్ళీ చూశాడు.

చెప్పకుండా ఉండొచ్చు. ఏమీ కాకపోవచ్చు. చెప్తే దవాఖాన, దవాఖాన అంటే అహ్మద్ అలీ, ఆ పైన పోలీసులో, ఇంటికి టికెట్టో ఎవరికి తెలుసు. ఈ లెక్కలన్నీ అతని మనసులోకి వచ్చాయని చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. వచ్చాయి, కానీ నిలవలేదు. పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చి, అవి తినేవి కాకపోవచ్చనీ, తను మొలిచిన చోటు చూడకుండా మాట అన్నాననీ, తప్పు తనదేననీ ముగ్గురికీ చెప్పాడు.

లింబాద్రి ముందు నవ్వాడు, తరవాత ఆ పచ్చదనం చూసి ఆగిపోయాడు. ఎవరెవరు తిన్నారని రాజనర్సు అడిగితే, ముగ్గురం కడుపునిండా తిన్నామని లింబాద్రే చెప్పాడు. బుచ్చన్న కాళ్ళవైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

పన్నెండుంబావు. బండి లేదు. తారురోడ్డు మూడు మైళ్ళు, అది కూడా జుమ్మా వేళ. ఒక్క బండి తిరగదు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు తాగించి, వేళ్ళు పెట్టుకుని కక్కమని లింబాద్రినీ గంగన్ననూ బతిమాలాడు. వాళ్ళకు రాలేదు. బుచ్చన్న తాగనన్నాడు. అక్కడే కూర్చుంటే లాభం లేదని, రాజనర్సు గడ్డపార తీసుకుని తోపులోకి పరిగెత్తాడు. దవాఖానలో ఏం తిన్నారని అడుగుతారు. ఈసారైనా జాగ చూసి పోవాలి.

వేపమోడు దొరికింది. దానికి చెదలున్న మాట నిజమే. బెరడు కింద మట్టిదారులు కట్టి బిలబిలమంటున్నాయి. మోడు ఇవతలి పక్కన పలకలాగా గట్టిపడిన కొయ్యకొక్కు, అంటే మానును పట్టే పుట్టగొడుగు, ఒకటి అంటుకుని ఉంది, ఏ ప్రాణికీ పనికిరానిది. లింబాద్రి తెంపినవి మోడుకు అంటి లేవు. బారెడు అవతల, చెట్లకు వేసిన పశువుల ఎరువు కుళ్ళిన చోట, గుండ్రంగా వరస కట్టి మొలిచాయి. రాజనర్సు మోకాళ్ళమీద పడి ఒకదాని చుట్టూ తవ్వాడు. కాడ అడుగున ఉల్లిగడ్డంత బుడిపె ఉంది, అంతే. వేరు లేదు, చెదలగూడు లేదు. చెదలు మోడువి, ఇవి ఎరువువి. వాటికీ వీటికీ ఏ చుట్టరికమూ లేదు. తల్లి అయితే ఒక్క వేలు పెట్టి తేల్చేసేది. పొద్దున పది నిమిషాలు నడిచి ఇక్కడికి వచ్చి ఉంటే తనూ తేల్చేవాడు.

అడుగున తిత్తి ఉందేమోనని మళ్ళీ మళ్ళీ తడిమాడు. తిత్తి లేదు. కట్టెలవాళ్ళ పాక ముందు తల్లి తవ్వి చూపించినవాటికి తిత్తి ఉండేది. అది కొంచెం ధైర్యం. కానీ పచ్చ పొడి సంగతి ఎవరికి తెలుసు? రెండింటిని బుడిపెలతో సహా తువ్వాలలో చుట్టుకుని తిరిగి పరిగెత్తాడు.

గది ముందుకు వచ్చేసరికి లింబాద్రి గోడ పట్టుకుని కక్కుతున్నాడు. కళ్ళలో నీళ్ళు, ఒళ్ళంతా చెమట. అది చూసి రాజనర్సుకు ప్రాణం లేచొచ్చింది. సాటి మనిషి పేగులు బయటపడేలా కక్కుతుంటే సంతోషించే మనిషి ఉంటాడా అంటే, ఆ వేళ రాజనర్సు ఉన్నాడు. తిని రెండు గంటలు కాలేదు. ఇంకో పావుగంటకు గంగన్న కూడా మొదలుపెట్టాడు. రాజనర్సు వాళ్ళిద్దరి తలలూ పట్టుకుని, ఇంకా రానీ, అంతా రానీ అన్నాడు. లింబాద్రి కక్కులమధ్య అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

బుచ్చన్న మాత్రం కక్కలేదు.

నీళ్ళు తెచ్చిచ్చాడు, గంగన్న వీపు రాశాడు, నేలమీద మట్టి పోశాడు. మనిషి నిమ్మళంగా ఉన్నాడు. రాజనర్సు అతని వెనకే తిరుగుతూ చూడసాగాడు. కట్టెలవాళ్ళు కూడా ఇలాగే పనులు చేసుకున్నారు. నవ్వుతూ తిరిగారు. "కడుపుల ఎట్లుంది?" అని అడిగాడు. ఏమీ లేదన్నాడు బుచ్చన్న. తల తిరుగుతోందా అని అడిగాడు. లేదన్నాడు. వేలు పెట్టుకుని కక్కమంటే వద్దని తల అడ్డంగా ఊపాడు. ఒకే గిన్నెలో కూర ముగ్గురు తింటే ఇద్దరికి వచ్చింది మూడోవాడికి రాలేదంటే, ఆ బకెట్లో రెండు రకాలు కలిశాయేమో, బుచ్చన్న పళ్ళెంలో రెండో రకం పడిందేమో. తల్లి గంప తిరగేసేది అందుకే. ఒక్కటి చాలునని చెప్పేది. తను చేతిలోకి తీసుకున్నది మాత్రం రెండే రెండు తలలు.

ఇక్రాముద్దీన్ బండి ఒంటిగంటన్నరకు వచ్చింది. సంగతి వినగానే, రువైస్‌లో కొన్న చేపల బుట్ట కింద పడేసి, యల్లా, పదండి అని వాళ్ళను వెనక ఎక్కించుకున్నాడు. బుచ్చన్న తను రానన్నాడు. ఏమీ కాని మనిషికి దవాఖాన ఎందుకన్నాడు. రాజనర్సు అతని రెక్క పట్టుకుని ఈడ్చి బండిలో కూలేశాడు. బావ మీద అంతవరకూ చెయ్యి వేసినవాడు కాదు. దారి పొడుగునా లింబాద్రీ గంగన్నా బండి అంచుమీద తలలు వేలాడదీశారు. రాజనర్సు వాళ్ళను చూడలేదు. బుచ్చన్న ముఖాన్నే చూస్తూ, గోళ్ళు నీలం తిరుగుతున్నాయా, కళ్ళు పచ్చబడుతున్నాయా అని వెతుకుతూ కూర్చున్నాడు. బుచ్చన్న తల తిప్పుకుని ఎడారి వైపు చూశాడు.

మదీనత్ అల్ షమాల్ దవాఖానలో ఉన్నది ఒకే డాక్టరు, సూడాన్ మనిషి, పెద్దాయన. తువ్వాల విప్పించి పుట్టగొడుగులను తిప్పి చూశాడు. ఎక్కడ మొలిచాయని అడిగాడు. ఆ ప్రశ్న ఇక్రాముద్దీన్ ఉర్దూలో చెప్పగానే రాజనర్సుకు తల కొట్టేసినట్టయింది. ఎరువులో మొలిచాయనీ, అడుగున తిత్తి లేదనీ, పొడి పచ్చగా ఉందనీ చెప్పాడు. డాక్టరు రాసుకున్నాడు. కక్కిన ఇద్దరికీ సూదిమందు ఇచ్చి, సెలైన్ ఎక్కించి, భయం లేదనిపిస్తోందని చెప్పాడు. తరవాత బుచ్చన్నను కూర్చోబెట్టి నాడి చూసి, పొట్ట నొక్కి, ముఖం గంభీరంగా పెట్టాడు.

అతను చెప్పింది ఇక్రాముద్దీన్ తిప్పి చెప్పాడు. ఆలస్యంగా పనిచేసే విషమే ప్రమాదమట. తిని మూడు గంటలు దాటింది. ముందు గొట్టం వేసి పొట్ట కడగాలట, తరవాత అంబులెన్సులో దోహా పంపాలట. కాలేయం సంగతి రెండు మూడు రోజులకు గానీ తెలియదట. రాజనర్సు భయపడినదాన్నే, భూమవ్వ చెప్పినదాన్నే, సముద్రం అవతలి డాక్టరు కాగితంమీద రాస్తున్నాడు.

నర్సు గొట్టం తేవడానికి పోయింది. నడవలో బల్లమీద ఇద్దరే మిగిలారు. రాజనర్సు బుచ్చన్న చెయ్యి పట్టుకున్నాడు. ఏడుపు ఆపుకుందామని చూశాడు గానీ ఆగలేదు.

"నేనే పిలిపిస్తి. నేనే తినుమంటి. ఎల్లవ్వకు నేనేం మొఖం వెట్టుకోని జెప్పాలె బుచ్చన్నా?"

బుచ్చన్న నర్సు పోయిన వైపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బావా, నేను తినలే" అన్నాడు.

రాజనర్సు నమ్మలేదు. గొట్టానికి భయపడి అంటున్నాడనుకున్నాడు. నిజం చెప్పమని గదమాయించాడు.

"నీకు పెట్టిన గిన్నె నాదే. నా పళ్ళెంలది గిన్నెల వంపిన. ఉత్త అన్నమే తిన్న. ఆళ్ళు సూడలే." తరవాత అసలు సంగతి చెప్పాడు. "వచ్చెటప్పుడు ఎల్లవ్వ జెప్పింది. మా అన్న ఏరిందైనా సరే, మా అన్న ముందు తింటెనే నువ్వు తిను అన్నది."

రాజనర్సు లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం బావ చెంప పగలగొట్టాలనిపించింది, చెయ్యి లేచింది కూడా. రెండు గంటలుగా తను పడిన నరకం అంతా ఆ చేతిలోకి వచ్చింది. మరి వాళ్ళకెందుకు చెప్పలేదని అడిగాడు.

"జెప్పిన. బావను రానీయుండ్రి అన్న. నవ్విండ్రు. రొండోసారి అనలే." బుచ్చన్న కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు అడిగినప్పుడు జెప్దామనుకున్న. నేను తినలేదంటె నీ మాటమీద నాకు నమ్మకం లేదనుకుంటవని జెప్పలే. ఆళ్ళను తిననిచ్చి నేను తప్పిచ్చుకున్న అనుకుంటరని జెప్పలే."

రాజనర్సు చెయ్యి దించాడు. కోపం ఉండాల్సిన చోట ఏమీ మిగలలేదు. బల్లమీద పక్కన కూలబడి బావ భుజంమీద తల ఆనించాడు. నర్సు గొట్టం తెచ్చి ఆ ఇద్దరు మగవాళ్ళను చూసి, ఎవరికి వెయ్యాలో తెలియక నిలబడిపోయింది. ఇక్రాముద్దీన్ వచ్చి, సంగతి విని, డాక్టరుకు నిజం చెప్పాడు. డాక్టరు కాగితం చింపేసి, అరబ్బీలో ఏదో గట్టిగా అన్నాడు. ఏమన్నాడో ఇక్రాముద్దీన్ తిప్పి చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

లింబాద్రీ గంగన్నా రెండు రోజుల తరవాత తిరిగొచ్చారు, బుగ్గలు పీక్కుపోయి. గంగన్న ఎవరినీ ఏమీ అనలేదు. లింబాద్రి ఉంగరాన్ని ట్రంకుపెట్టెలో దాచేశాడు, నెలరోజులు రాజనర్సుతో మాట మానేశాడు. బుచ్చన్నతో మాత్రం మాట్లాడాడు. ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండకూడదా నాయనా అని అడిగాడు. ఆ సంగతి తలచుకుంటే బుచ్చన్నకు తరవాత ఎన్నేళ్ళయినా మొహం చెల్లేది కాదు. అహ్మద్ అలీ దగ్గరికి రాజనర్సే పోయి జరిగినది చెప్పాడు. పంపేస్తాడనుకున్నాడు. అతను తోపుదాకా వచ్చి, అవి మొలిచిన చోటు చూపించమని అడిగి, తన ఎదుటే అన్నీ తవ్వించి పూడ్పించి, పనిలో ఉండమని చెప్పి పోయాడు.

స్టీలు గిన్నె సంగతి ఎవరికీ గుర్తు లేదు. దవాఖాననుంచి వచ్చిన రాత్రి దాటాక, మర్నాడు పొద్దున రాజనర్సే ఇటుక తీసి మూత ఎత్తాడు. కూర గడ్డకట్టి ఉంది. పైన ఏరి పెట్టినట్టు పెద్ద పెద్ద ముక్కలు. గోతిలో పోసి మట్టి కప్పి, గిన్నెను మూడుసార్లు తోమాడు.

రాజనర్సు ఖతర్‌లో ఇంకా ఎనిమిదేళ్ళు ఉన్నాడు. వాన పడిన ప్రతిసారీ తోపంతా ఒక్కడే తిరిగేవాడు, గడ్డపార పట్టుకుని, మోకాళ్ళమీద తవ్వి చూస్తూ. చూసినవాటిని చూసినట్టు చెప్పేవాడు: ఇది కొయ్యకొక్కు, ఇది ఎరువుది, ఇది తెలియదు. ఆ తెలియదన్న మాటను అతను ముందెప్పుడూ అంత ఎక్కువగా వాడలేదు. తినండన్న మాట మాత్రం ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అతని నోట రాలేదు.

కానీ అంతకుముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. దవాఖాననుంచి వచ్చిన రెండు వారాలకు, శుక్రవారం మధ్యాహ్నం, అందరూ ఇంటికి మాటలు పంపే రోజు. టేప్‌రికార్డరు మంచంమీద పెట్టుకుని తలుపు వేసుకున్నాడు. బుచ్చన్న లేచి బయటికి పోబోతే కూర్చోమన్నాడు. ఎర్రమీట నొక్కి, తల్లికి జరిగినది మొదటినుంచీ చెప్పాడు. లింబాద్రి తెచ్చిన బకెట్, హారన్ మోత, కడియం, పచ్చ పొడి, ఏదీ వదలలేదు. తను అన్న మాటను అన్నట్టే చెప్పాడు. తల్లి వాకిట్లో పదిమంది మధ్య ఆ టేపు మోగుతుందని తెలిసే చెప్పాడు.

చివరకు వచ్చేసరికి గొంతు సవరించుకున్నాడు.

"ఎల్లవ్వా, అమ్మ నేర్పింది నీకు యాదికున్నది. నాకు యాదికి లేకపాయె. బావ నీ మాట ఇన్నడు, బతికిండు."

 టేపు తిరుగుతూనే ఉంది. తరవాత మీట ఆపి, క్యాసెట్ తీసి రెండోవైపు తిప్పి పెట్టి, రికార్డరును బుచ్చన్న ముందుకు జరిపాడు.